హాస్టలు రాశి మీద కప్పిన బరకం

నా చిన్నప్పుడు తోటిపిల్లలంతా దెయ్యాలకి భయపడితే నేను మబ్బుకి భయపడేదాన్ని. మిరపకాయలు ఎండబోసే ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కల్లంలో కాయ ఆరుతున్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ ముద్ద సరిగ్గా దిగదు. వాన పడిందా, ఎర్రగా నిగనిగలాడే కాయ కాస్తా తెల్లమచ్చలేసి తాలుకాయ అయిపోతుంది. ఏడాది బతుకంతా దాని మీదే.

వినుకొండ దగ్గర మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. పంట ఎండబోసిన ప్రతి ఇంటివాళ్ళూ ఒక గంపెడు కాయలు తెచ్చి ఒకచోట రాశి పోసేవాళ్ళు. అవి అమ్మితే వచ్చిన డబ్బు ఊరి చివర దిక్కులేని పిల్లల హాస్టలుకి వెళ్ళేది. కాపలా ఏటా ఒక ఇంటివాళ్ళది. ఆ ఏడు వంతు మాది కావడంతో రాశి మా కల్లంలోనే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మా నాన్నా కోతకి చేలోకి వెళ్ళారు. కల్లంలో నేనూ, మా నాయనమ్మా ఉన్నాం. ఉన్నట్టుండి కొండవైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. వానకి కప్పడానికి ఉన్నది ఒక్కటే బరకం. మన కాయలు దగ్గరికి లాగి కప్పుదామని ఏడుస్తూ అరిచాను. నాయనమ్మ దాన్ని హాస్టలు రాశి మీదికి లాక్కెళ్ళి, ఒక కొస పట్టుకోమని నన్ను గదిమింది. అంచుల మీద రాళ్ళు పెట్టేలోపే వాన దబదబా దిగింది. మా కాయలు కళ్ళముందే నానిపోయాయి.

నాన్న పరుగెత్తుకొచ్చాడు. ఆయన కోపం ఎరిగినదాన్ని, నాయనమ్మ వెనక నక్కాను.

“నీకు మతిగానీ పోయిందా అమ్మా? మనది వదిలేసి ఊరిది కప్పుతావా?”

“మనది తడిస్తే ఏడవడానికి మనం ఉన్నాంరా. ఆ పిల్లలది తడిస్తే ఎవరేడుస్తారు?”

నాన్న గంప తీసుకుని తడిసిన కాయలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఆ ఏడు మా పంట సగానికి సగం తాలే. చాలా నెలలు పచ్చడి మెతుకులతోనే గడిచింది.

ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళం నెలనెలా తలా కొంత వేసుకుని, ఆసుపత్రిలో తోడులేని రోగులకి భోజనం పంపుతున్నాం. ఇంట్లో ఇబ్బందిగా ఉన్న నెలల్లో నా వాటా ఇవ్వాలంటే గుండె దడదడలాడుతుంది. నాయనమ్మది గుండెధైర్యమని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వానలో ఆవిడ చేతులు నాకంటే ఎక్కువ వణికాయని పక్కనే ఉన్న నాకొక్కదానికే తెలుసు. అందుకే భయం పోయేదాకా ఆగను. వణుకుతూనే ఇచ్చేస్తాను.