ఒకే గర్భసంచికి రెండు కాగితాలు

ఈ రోజుల్లో పచ్చడి సీసా మూత ఒకసారి తీస్తే రెండోసారి సరిగ్గా పట్టదు. ఈ విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ జనం నా దగ్గరకు తెచ్చినవి అలాంటి సీసాల్లోనే వచ్చేవి. లోపల పచ్చడి మాత్రం ఉండేది కాదు.

నేను పాథాలజిస్టును. సర్జన్లు కోసి తీసిన భాగాలను పలచటి పొరలుగా తరిగి, రంగు అద్ది, మైక్రోస్కోపు కింద చూసి, రోగమేమిటో రాసి సంతకం పెట్టడం నా పని. జిల్లాలు విడదీసిన మరుసటి ఏడాది నేను రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు ల్యాబులో సీనియర్ కన్సల్టెంటును. అప్పుడే ఒక మెడికల్ కాలేజీ వారు గర్భసంచి లోపలి పొర నుంచి మూలకణాలు పెంచే పరిశోధనలో నన్ను చేర్చుకున్నారు. వారికి వయసులో ఉన్న స్త్రీల గర్భసంచులు కావాలి, అవీ రోగం లేనివి. ఆరోగ్యంగా ఉన్నది ఎవరు తీయించుకుంటారని మీటింగులో అడిగాను. అందరూ నవ్వారు. దొరుకుతాయిలెండి అన్నాడు, మండపేట వైపు నర్సింగ్ హోమ్ నడిపే సర్జన్.

దొరికాయి. వారం తిరక్కుండా మొదటి ఐసు పెట్టె వచ్చింది. రైసు మిల్లులో పనిచేసే ముప్పై ఏళ్ల దుర్గది. అదే మిల్లులో పనిచేసే ఆమె చెల్లెలు సత్యవతి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. పెట్టెతో పాటు రెండు కాగితాలున్నాయి. ఒకటి మామూలుగా నాకు వచ్చే పరీక్ష ఫారం: "గర్భసంచి పాడైంది, క్యాన్సరు అనుమానం." రెండోది పరిశోధన ఫారం: "రోగమేమీ లేదు, ఆరోగ్యమైన నమూనా." రెండిటి మీదా ఆ మండపేట సర్జన్ సంతకమే, ఒకే తేదీ. చేతిరాత ముత్యాల్లా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి.

కాలేజీకి చిన్న ముక్క పంపి, మిగతాది కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేశాను. మూడు రోజులకు స్లైడ్లు తయారయ్యాయి. పరిశోధన ఫారమే నిజం. సర్జన్‌కు ఫోన్ చేశాను.

"మాస్టారూ, రెండూ వేరువేరు ఫైళ్లలోకి పోయేవే కదండి. మీరెప్పుడూ రాసేదే రాసెయ్యండి" అన్నాడు.

నేనెప్పుడూ రాసేది "దీర్ఘకాలిక సర్విసైటిస్". అంటే గర్భసంచి ముఖద్వారం దగ్గర పాత వాపు. పిల్లల్ని కన్న చాలామందికి అది కాస్తో కూస్తో కనిపిస్తుంది. అబద్ధం కాదు, ఆపరేషనుకు కారణమూ కాదు. ఏళ్ల తరబడి అదే రాశాను, సర్జన్లందరి చేతా మంచివాడిననిపించుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఒళ్లు మండింది. సగం ఆయన మీద. మిగతా సగం ఎవరి మీదో రాయనక్కరలేదు.

ఈసారి "రోగ లక్షణాలు లేవు, తీయవలసిన కారణం కనిపించలేదు" అని రాశాను.

సత్యవతి రిపోర్టు కోసం వచ్చింది. గురువారం తనకూ అదే ఆపరేషనట, అదే డాక్టరట.

"తెల్లబట్ట అవుతోందన్నానండి. ఉంచుకుంటే క్యాన్సరే అన్నారు. అక్కకీ అదే చెప్పారు" అంది.

రిపోర్టు సర్జన్‌కే పంపాలన్నది మా ఆనవాయితీ. ఆ రోజు ఆమెకే చదివి వినిపించాను. గురువారం వెళ్లొద్దని, ముందు ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోమని చెప్పాను. తీసేసిన అవయవానికి నా రిపోర్టుతో పని లేదు, ఇంకా తీయనిదానికే ఉంది. నేను నేర్చుకున్నది ఇంతే, అదీ పదవీ విరమణకు ఏడాది ముందు.

సత్యవతి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "నేను చేయించుకోనండి" అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"మా మిల్లులో ఇంకో నలుగురికి తీశారండి ఆయన. ఆళ్ల కాయితాలు కూడా మీరే రాశారా ఏంటండి?"