రివెట్టు దాటిన పగులు

చింతపండుతో తోమిన కంచుకి ఒక వాసన ఉంటుంది. పులుపూ, తడిమట్టీ, పన్ను తగిలి పెదవి చిట్లినప్పుడు నాలుకకు తెలిసే నెత్తుటి రుచీ కలిసినట్టుండే వాసన. నా బైబిలు పక్కన కొబ్బరిముక్కంత కంచుతునక ఒకటి ఉంది. దానికి పెట్టిన రాగి రివెట్టు తన చిల్లులో ఇప్పటికీ వదులుగా ఆడుతూనే ఉంటుంది. శనివారం శనివారం దాన్ని తోముతాను. ఈమధ్య దాని అంచు కంటికన్నా వేలికే బాగా తెలుస్తోంది. చేతిలోకి తీసుకోగానే నాకు మళ్ళీ తొమ్మిదేళ్ళు వస్తాయి, ఆనాటి బెదురూ వస్తుంది.

మా నాన్న దావీదు పొలం పనులు లేని రోజుల్లో నందిగామ బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించేవాడు. కంచికచర్ల పెళ్ళిళ్ళకైనా, వేదాద్రి స్వామి కల్యాణానికైనా, మా చర్చిలో క్రిస్మసుకైనా అదే డ్రమ్ము, మోచేతుల దగ్గర వెలిసిపోయిన అదే ఎర్రకోటు. డ్రమ్ముకి బిగించిన ఇనపకడ్డీ మీద, పుల్లతో కొడితే మోగే కంచుపళ్ళెం ఒకటి, సరిగ్గా ఆయన గడ్డం ఎత్తున ఉండేది. బెజవాడలో ఒక మిలిటరీ ఆయన దగ్గర కొన్నదట. చిన్నప్పుడు కాలికి జబ్బు చేయడంతో నన్ను బడికి పంపలేదు. అమ్మే బైబిలు మీద వేలు పెట్టించి అక్షరాలు నేర్పింది. పళ్ళెం తోమే పని మాత్రం నాది. ఇంట్లో నాకంటూ ఒక పని ఉన్నందుకు రోజూ ప్రార్థనలో దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేదాన్ని.

ఆ వేసవిలో, ఊరంతా కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటుకి తుమ్ముతూ, తాటిముంజల నీళ్ళు మోచేతులదాకా కారుతుంటే చీకుతూ తిరుగుతున్న రోజుల్లో, చింతపండు జిగురుకి పళ్ళెం నా చేతిలోంచి జారి నూతి చప్టా మీద అంచున పడింది. ణంగుమని మోగాల్సింది టక్కుమని ఊరుకుంది. ఎత్తి చూస్తే అంచు నుంచి లోపలికి గోరంత పొడవున వెంట్రుకలాంటి గీత. అందులో బూడిద రుద్ది, తుడిచి, గోడకు తగిలించాను. ఎవరికీ చెప్పలేదు.

అదే వారం నాన్న జగ్గయ్యపేటలో నాటకాలవాళ్ళ పళ్ళెం విని వచ్చాడు. దానికి వదులుగా రివెట్లు పెట్టారట.

"కొడితే మోగి ఊరుకోడం కాదే, వాన పడతన్నట్టు శానాసేపు చుయ్యిమంటది," అన్నాడు.

"వాన కావాలంటే మోకాళ్ళేసి దేవుణ్ణడుగు. పళ్ళేనికి చిల్లులు పొడుస్తావా?" అంది అమ్మ.

మర్నాడు నాన్న నన్ను కూడా బస్సెక్కించుకుని జగ్గయ్యపేట తీసుకెళ్ళాడు. కంచరి వీధిలో అడుగు పెట్టేసరికి బొగ్గుల కుంపట్లు, టంకం పొగ, వంద సుత్తులు ఒక్కసారే పలుకుతున్న చప్పుడు. అక్కడ కంచరి బ్రహ్మయ్య తాత మా పళ్ళాన్ని వేలిమీద వేలాడదీసి గోటితో మీటాడు. మళ్ళీ మీటాడు. తర్వాత నావంక చూశాడు. నేను నేలచూపులు చూశాను.

"నా జన్మంతా గంగాళాల చెవులు కదలకండా బిగించడంతోనే అయిపోయిందయ్యా దావీదూ. ఇయ్యాల కదిలేట్టు పెట్టమంటన్నావు!" అని నవ్వి, "దీనికి సుత్తి దెబ్బ పనికిరాదు, నిదానంగా బరమా తిప్పాల. నువ్వెళ్ళి టీ తాగిరాపో," అన్నాడు.

నాన్న వెళ్ళగానే తాత బరమాకి తాడు చుట్టి, మొదటి చిల్లు సరిగ్గా నా గీత ఆగినచోట పెట్టాడు. మిగిలిన రెండూ కాస్త ఎడంగా అంచు వెంబడే పెట్టాడు. ఒక్కో చిల్లులో రాగి రివెట్టు వేసి, ఊడిపోకుండా, బిగిసిపోకుండా దాని కొస అణిచాడు.

"పగులు కొసన గుండ్రంగా చిల్లు పడితే మామూలుగా ఇంక ముందుకు పాకదు," అన్నాడు మెల్లగా. "పాకిందో, రివెట్టు దాటిందో, ఆ రోజే మీ నాయనకి చెప్పు. పళ్ళెం ఆయన మొగం ముందరే ఉంటది. తునక లేచిందంటే కన్ను పోద్ది. పడేసింది నువ్వు. నీ నోటితోనే చెప్పుకో తల్లీ."

తిట్టకుండా అంతమాట నమ్మకంగా నా చేతిలో పెట్టిన ఆ ముసలాయనకు నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

ఊళ్ళో అందరికీ ఆ పళ్ళెం వాన. నాకు మాత్రం కంచెలో పాము బుస. నాన్న కొట్టిన ప్రతిసారీ ఆ బుస ఆగేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. తోమేటప్పుడల్లా గీత మీద గోరు నడిపేదాన్ని. మునేరు ఎర్రనీళ్ళతో పొంగింది, తీసింది, పత్తి విచ్చింది. గీత రివెట్టు దగ్గరే ఉంది. క్రిస్మసు రోజు పొద్దున తోముతుంటే గోరు రివెట్టు దాటాక కూడా గీతకి తగిలింది. అక్కణ్ణుంచి అది రెండో రివెట్టు పక్కగా వంపు తిరిగింది.

ఇల్లంతా అరిసెల నూనె వాసన. నాన్న ఎర్రకోటు బొత్తాలు పెట్టుకుంటూ పాట కూనిరాగం తీస్తున్నాడు. "నాన్నా," అన్నాను. "ఏం సువార్తా?" అని ఆయన నవ్వుతూ తిరిగాడు. ఆ నవ్వు చూసి నా నోరు మూసుకుపోయింది. పెరట్లోకి వెళ్ళి మోకాళ్ళూనాను. "దేవా, ఈ ఒక్క పూట దాన్ని పట్టుకో," అని ప్రార్థించాను. లేచేసరికి మనసు తేలికపడింది. చెప్పాల్సింది చెప్పేశాననే అనుకున్నాను.

చర్చి ముంగిట మూడో పాట నడుస్తుండగా బుస మధ్యలో తెగింది. ఠప్పుమంది. నాన్న రెండు చేతులతో మొహం కప్పుకుని వంగిపోయాడు. ఎర్రకోటు మీద నెత్తురు కనపడలేదు. పక్కనున్న అమ్మ తెల్లచీర మీద కనపడింది.

కనుబొమ చీలింది. ఒక్క గింజంత కిందకు తగిలితే కన్ను ఉండేది కాదన్నాడు డాక్టరు. సాయంత్రం కట్టు కట్టుకుని మంచంమీద పడుకున్న నాన్నకి, నూతి చప్టా నుంచి బ్రహ్మయ్య తాత మాటదాకా అంతా చెప్పాను.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదమ్మా?"

"దేవుడికి చెప్పా నాన్నా."

ఆయన కనుబొమ మీది కట్టు సర్దుకున్నాడు. "ఆయనకి చెప్పావు, మంచిదే. వాయించేది నేను కదే. నాకూ ఓ మాట చెప్పాల్సింది."

ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ, కుటుంబ ప్రార్థనలో నేను ఆమెన్ అనగానే, కనుబొమ మీది మచ్చ గోక్కుంటూ, "సువార్తా, ఇంకెవరికన్నా చెప్పాల్సింది ఉందా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

కంచరి వీధిలో ఇప్పుడు స్టీలు కొట్లు. బ్రహ్మయ్య తాత కుంపటి ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పెళ్ళిళ్ళలో పెద్ద పెద్ద పెట్టెలు గుండెలదిరేట్టు మోగుతాయి. కంచు మీద వాన కురిపించే మనిషి ఎక్కడా లేడు. ఆమెన్ అన్నాక అడిగే గొంతూ లేదు.

ఈ ఉదయం ప్రార్థన ముగించి తునకను చెవి దగ్గర ఊపాను. రివెట్టు టిక్కుమంది. మూడు వారాలుగా నా ఎడమకంటికి అడ్డంగా నల్లటి తెర దిగుతోంది. రోజూ దేవుడికి చెబుతూనే ఉన్నాను.

తునక కింద పెట్టి వంటింట్లో ఉన్న కోడలిని పిలిచాను.