నలభై ఎక్కించి నలభై దించిన రోజు

మొన్న సిర్గిట్టి ఫ్యాక్టరీల పేటలో మా ఆఫీసు పక్క గోదాములో ఎవరో అట్టపెట్టెల మీద ధర స్టిక్కర్లు కొడుతున్నారు. ఆ చిన్న మిషన్ టకటక వినగానే చేతిలో పని ఆపేశాను. నాలుగేళ్ల కిందట, ఈ హిందీవాళ్ల ఊళ్లోనే గోల్ బజార్‌లో, రాజేశ్వరి పిన్ని చీరల కొట్లో ఆ మిషన్ నా చేతిలో ఉండేది.

పిన్ని మాకు చుట్టం కాదు, రైల్వే క్వార్టర్లలో పక్కింటావిడ. విజయనగరం వైపు నుంచి చీరలు తెప్పించి, మొదట ఇంట్లోనే అమ్మి, తర్వాత కొట్టు పెట్టింది. చదువు ఏడో తరగతితో ఆగినా, బేరంలో ఆమెను గెలిచినవాళ్లను నేను చూడలేదు. బీకాం అయ్యాక నలుగురిలో నోరు విప్పలేక పుస్తకాలు పట్టుకుని ఇంట్లో కూర్చున్న నన్ను, "రాయే గుంటా, బిల్లులు రాద్దువు గాని. మాటాడే పని నేను చూసుకుంటాను" అని తీసుకెళ్లింది.

ఆ వేసవిలో ఎదురు కొట్టువాళ్లు నలభై శాతం తగ్గింపు బోర్డు పెట్టారు. మా కొట్లో అడుగు పెట్టేవాళ్లే లేకుండా పోయారు. అప్పుడు పిన్ని, వెయ్యి రూపాయల చీరలన్నిటికీ పద్నాలుగు వందల స్టిక్కర్ కొట్టమని, మనమూ నలభై శాతం తగ్గింపు బోర్డు పెడదామంది. నా మొహం చూసి నవ్వింది.

"మోసం కాదే. నలభై ఎక్కించి నలభై దించుతున్నాం. మెట్లెక్కి దిగినట్టే. మన వెయ్యి మనకొచ్చీస్తాది, వాళ్ల సరదా తీరిపోతాది."

మర్నాడు షట్టర్ ఎత్తేసరికే జనం. మొదటి బిల్లు రాశాను. పద్నాలుగు వందల్లో నలభై శాతం అయిదు వందల అరవై. మిగిలింది ఎనిమిది వందల నలభై. పెన్ను ఆగిపోయింది. ఆ చీర మాకు పడిందే తొమ్మిది వందలకు! మళ్లీ చేశాను, మళ్లీ అంతే. పిన్ని గుంపు మధ్యలో "దేఖియే దీదీ, అస్లీ కాటన్!" అంటూ వెలిగిపోతోంది. అందరి ముందూ ఎలా చెప్పడం? ఈ బిల్లు అయ్యాక చెబుదామనుకున్నాను. ఆ తర్వాత ఇంకో బిల్లు. భోజనాల వేళకు ముప్పై ఒక్క చీరలు వెళ్లిపోయాయి.

జనం పలచబడ్డాక కాగితం ముక్క ఆమె ముందు పెట్టాను.

"పిన్నీ, ఎక్కేటప్పుడు వెయ్యిలో నలభై శాతం ఎక్కాం. దిగేటప్పుడు పద్నాలుగు వందల్లో నలభై శాతం దిగుతున్నాం. దిగే మెట్లు పెద్దవి."

ఆమె కాగితం మీద వేలు పెట్టి అంకెలన్నీ చదివింది. "నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి బిల్లుకే."

తిడుతుందనుకున్నాను. ఆమె కాగితం పక్కన పెట్టింది. "తప్పు నాదే గాని, ముప్పై సార్లు నేను మునిగిపోతంటే చూస్తా కూకున్నావేటే? నేనంటే అంత భయమా?"

నా మౌనం ఎవరికీ చేటు చెయ్యదని అప్పటిదాకా అనుకునేదాన్ని.

ఆమె స్టూలు లాక్కుని, బడిపిల్లలా నా ఎదురుగా కూర్చుంది. "నేర్పు." నేను కాగితం వెనక్కి తిప్పి ఎక్స్ అని రాశాను. "ఈ ఎక్స్ ఏటి?"

"నలభై శాతం తీసినా మన వెయ్యి మనకు మిగలాలంటే స్టిక్కర్ మీద రాయాల్సిన ధర. ఇంకా తెలీదు కాబట్టి ఎక్స్ అన్నాం. నూటికి నలభై పోతే అరవై మిగులుతుంది. అంటే ఎక్స్‌లో నూటికి అరవై మన వెయ్యి. వెయ్యిని అరవైతో భాగించి వందతో హెచ్చిస్తే... పదహారు వందల అరవై ఏడు."

"పదహారొందల అరవై ఏడా!" ఉలిక్కిపడింది. "వెయ్యి రూపాయల చీరకా? ఛీ, ఏ మొహం పెట్టుకుని కొడతామే ఆ స్టిక్కరు!"

నలభై అన్నప్పుడు అబద్ధం చిన్నదిగానే కనిపించింది. దాని అసలు కొలత లెక్క కట్టాకే ఇద్దరికీ తెలిసింది. బోర్డు తీసేద్దామా అన్నాను. "అది చూసి వచ్చినోళ్లకి సాయంత్రం దాకా అదే ధర" అని లేచి వెళ్లి, మళ్లీ చీరలు విప్పింది. నేను నిర్ఘాంతపోయి బిల్లు పుస్తకం తెరిచాను. మర్నాడు ఇద్దరం కూర్చుని స్టిక్కర్లన్నీ గోళ్లతో గీకి తీశాం.

రైల్వేలో పనిచేసే పిన్ని భర్త, మా బాబాయి, రిటైరయ్యాక వాళ్లు విజయనగరం వెళ్లిపోయారు. నా బెరుకు మాత్రం నాతోనే ఉంది. పోయిన వారం మీటింగులో, ఒక కొనుగోలుదారుకు పంపబోతూ మా మేనేజరు చదువుతున్న కొటేషన్‌లో తగ్గింపు లెక్క తప్పింది. పన్నెండు మంది ఉన్నారు. లేచి నిలబడ్డాను. "సర్, ఒక్క నిమిషం" అన్నాను. లెక్క ఎక్కడ తప్పిందో చెప్పేశాను. అప్పటికింకా ఆ కొటేషన్ కాగితం గది దాటలేదు.