అరుగు మీది రోగి

పలమనేరు బెల్లం మండీ ఆదికేశవులుకు రాని రోగం లేదు. ఒంట్లో మాత్రం ఏ రోగమూ లేదు. యాభై దాటిన మనిషి. పొద్దున్నే రెండు ముద్దల రాగిసంగటి లాగించి, ఇద్దరు హమాలీలు పట్టాల్సిన బెల్లం మూటను ఒక్కడే భుజానికెత్తేవాడు. దాన్ని దించి, మొహం కడుక్కుని, కండువా తలకు చుట్టుకుని, మూలుగుతూ డాక్టరు దగ్గరికి బయలుదేరేవాడు.

ఆ డాక్టరు వనజాక్షి. తిరుపతిలో ఎం.బి.బి.ఎస్. చదివి, డెబ్బైల చివర్లో పలమనేరు బస్టాండు ఎదుట ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టింది. జనం బోర్డు చదివారు, బాగుందన్నారు, వేలూరు పెద్దాసుపత్రికి బస్సెక్కారు. జ్వరానికి వేలూరు, దగ్గుకూ వేలూరే. మందుకయ్యే ఖర్చుకంటే బస్సుకూ, హోటలుకూ, తోడొచ్చిన బావమరిది సినిమాకూ అయ్యేదే ఎక్కువ. అయినా సరే. "ఆ పాపకేం తెలుస్తాదబ్బా? మన నాడి చూసేలోపల తన చెయ్యే వణుకుతాదేమో!" అని బస్టాండులో మాట.

తిరుపతిలో గుడ్డలంగడి నడిపే ఆమె నాయన పరంధామయ్య ముందే చెప్పి పంపాడు. "ఉగాది దాకా సూడు పాపా. బేరం లేని అంగడి మూసేయాల. మద్రాసులో మనోళ్ల నర్సింగ్‌హోము ఉండనే ఉండాది."

వనజాక్షికి ఈ ఊరు వదలడం ఇష్టం లేదు. కానీ ఆ అంగడికి రోజూ వచ్చే బేరం ఒక్క ఆదికేశవులే.

మొదటి రోజు ఎడమ మోకాలన్నాడు. మర్నాడు కుంటుతూ వచ్చాడు. కుంటేది కుడికాలు.

"నిన్న ఎడమ మోకాలు కదండీ?"

"అది నిన్న తల్లీ. మా హమాలీలు భుజం మార్చుకోరా? నొప్పి గూడా అట్లే కాలు మార్చుకునింది."

గదిలో పురుగు లేకపోయినా ఆయన నేరుగా లోపలికి రాడు. బయట అరుగు మీద, బస్సులకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. కాంపౌండరు ఓబయ్య వచ్చి పిలుస్తాడు.

"రా అన్నా, లోపల ఈగ గూడా లేదు."

"తొందరేంది? నా వంతు రానీ."

"నీ వంతు తప్ప ఇంకెవురి వంతుండాదన్నా?"

"గట్టిగా అరవగాకురా, వినపడతాది!"

బస్సు వచ్చి ఆగితే ఆయన మూలుగు పెరిగేది. బస్సు కదిలిపోగానే తగ్గేది. ఈ లక్షణం వనజాక్షి చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

మందిచ్చి పంపుదామంటే రోగం లేదు, వట్టి చేతులతో పంపుదామంటే ఆయన కదలడు. చివరికి జీలకర్ర నీళ్లలో కాస్త రంగు కలిపి సీసాలో పోసి ఇచ్చేది. ఆయన దాన్ని ఇంటికి తీసుకుపోయేవాడు కాదు. రోడ్డు నడిమధ్య నిలబడి సీసా ఊపి, తలెత్తి గుటగుటా తాగి, "హబ్బా! దిగిపోయింది!" అని బస్సు కిటికీలకు వినబడేలా కేకేసేవాడు.

ఒకరోజు ఆమె విసుగెత్తి, "సంగటి మానేయండి" అంది.

ఆదికేశవులు మొహంలో కళ తప్పింది. "ఎన్ని రోజులు?"

"రోగం తగ్గేదాకా."

"తగ్గిపోయింది తల్లీ!" అని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు చెవిపోటుతో వచ్చాడు. సంగటికి సంబంధం లేని రోగాన్ని రాత్రంతా ఆలోచించి తెచ్చుకున్నట్టున్నాడు.

ఇలా కాదని ఇంకోసారి బి కాంప్లెక్సు సూది బయటికి తీసింది. బెల్లం మూటలు మోసే మనిషి కుర్చీలో వెనక్కి జరిగాడు. పారిపోతాడనుకుంది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, "ఎయ్యి తల్లీ. ఆ తలుపు మాత్రం బార్లా తెరిసి పెట్టు" అన్నాడు.

ఉగాదికి వారం ఉందనగా వనజాక్షి పెట్టె సర్దుకుంది. ఆరోజు ఆదికేశవులు గుండెదడతో వచ్చాడు. ఆమె స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఆదికేశవులు గారూ, మీకే రోగమూ లేదు. ఏనాడూ లేదు. మీ తమాషాతో ఊరంతా నన్ను చూసి నవ్వుతాంది. వచ్చే వారం నేను మద్రాసు పోతున్నా."

ఆయన నుదుటి మీద చెమట పోసింది. అలవాటు కొద్దీ ఆమె నాడి పట్టుకుంది. పరుగులు పెడుతోంది. ఇన్ని నెలల్లో ఆయన తెచ్చిన మొదటి అసలు లక్షణం అది.

రంగునీళ్లు కూడా అడక్కుండా ఆయన వెళ్లిపోయాడు. సాయంత్రం భార్య జ్ఞానాంబ వచ్చింది.

"ఏమ్మా, పోతావంటనే? మా ఇంటాయన సంగటి ముట్టలేదు. నిజంగానే రోగమొచ్చిందేమో సూడు."

"రోజూ నాటకమే కదమ్మా! ఎందుకీ పని?"

జ్ఞానాంబ అరుగు మీద కూలబడింది. "మండీలో ఎవురన్నా కొత్తగా అంగడి పెడితే ఖాళీగా ఉండనీరు తల్లీ. పక్కంగళ్లోళ్లే పోయి బేరగాళ్ల మాదిరి నిలబడతారు. బెల్లం వాసన సూస్తారు, బేరమాడతారు, కొనేదేం లేదు. నలుగురుండే కాడికే గదా అయిదోవాడొచ్చేది. నీ అంగడి కాడ నిలబడండ్రా అని ఈయన పిలిస్తే ఒక్కడూ రాలా. అందుకని నలుగురి రోగాలూ తానొక్కడే తెచ్చుకున్యాడు."

"ఆయనకేం పట్టిందమ్మా అంతగా?"

"మా పెద్దది పుట్టింది మొగిలి ఘాటులో, వేలూరికి పొయ్యే బస్సులో. డ్రైవరు మొగోళ్లనందర్నీ కిందికి దించేసినాడు. కండక్టరు మంచోడు, బిడ్డకు టిక్కెట్టడగలేదు. ఈయన ఆ గుట్ట కాడ నిలబడి, మా ఊరికొక డాక్టర్ని పంపియ్యి సామీ అని తిరుపతి కొండ తిక్కు తిరిగి మొక్కుకున్యాడు. సామి ఇన్నేండ్లకు పంపించినాడు. నువ్వేమో పోతానంటాండావు."

మర్నాడు పొద్దున అరుగు ఖాళీగా ఉంది. వనజాక్షి కాసేపు చూసి, ఓబయ్యను మండీకి పంపింది. "ఆదికేశవులు గారి వంతు వచ్చిందని చెప్పు."

ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు, కుంటడం మరిచిపోయి. సరిగ్గా అప్పుడే సుబ్బన్న అనే రైతు కడుపు పట్టుకుని బస్సు కోసం మెలికలు తిరుగుతున్నాడు. ఆదికేశవులు అతని భుజం పట్టాడు.

"యాడికప్పా?"

"వేలూరికన్నా. కడుపులో నొప్పి."

"బస్సు రేపూ ఉంటాది. ఈడ సూపించుకోని పో. నన్ను సూడు, రోజుకో రోగంతో వస్తా ఉండా. ఒక్కటన్నా నిలబడిందా?"

సుబ్బన్న కడుపు పట్టుకునే అరుగెక్కాడు. లోపలికి వెళ్లాడు. నొప్పి తగ్గింది. సంతకు వచ్చిన రోజు అత్తను, ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకొచ్చాడు. ఆ నలుగురిని చూసి అయిదోవాడు వచ్చాడు. ఉగాదికి పెట్టె తీసుకుపోదామని వచ్చిన పరంధామయ్య, అరుగు మీద కూర్చోవడానికి చోటు దొరక్క నిలబడే కూతురితో మాట్లాడి, వట్టి చేతులతో తిరుపతి బస్సెక్కాడు.

ఆ తర్వాత ఆదికేశవులుకు ఒక్క రోగమూ రాలేదు. ఆయన వదిలేసిన చోటులో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునేవారు. రెండేళ్లు గడిచాయి. రోడ్డుకు అటుపక్క దొరస్వామి అనే కుర్ర డాక్టరు బోర్డు పెట్టాడు. ఒక పొద్దున వనజాక్షి కిటికీలోంచి చూస్తే, ఆ కొత్త డాక్టరు అరుగు మీద, తలకు కండువా చుట్టుకుని, ఆదికేశవులు!

చేతిలో ఉన్న చీటీ బల్ల మీద పడేసి, రోడ్డు దాటి వెళ్లింది.

"ఏం నొప్పి ఈసారి?"

"ఎడమ మోకాలు తల్లీ" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"నేను చూడనా ఏం?"

"కోపం చేసుకోగాకు. ఒకే మండీ ఉండే ఊర్లో బెల్లం ఎప్పుడూ ప్రియమే. నీ కాడ ఇప్పుడు పొద్దున్నొస్తే మధ్యానం దాకా కాసుక్కూచోవాల. నీ ఫీజు గూడా రోంత పెరిగింది. రెండంగళ్లుంటేనే జనానికి కలిసొస్తాది. పాపం, ఈ అబ్బికి గూడా ఇంట్లోవాళ్లు ఉగాది దాకానే గడువిచ్చినారంట."

చిత్తూరు బస్సు మలుపు తిరిగింది. ఆదికేశవులు మాట ఆపి మూలుగు అందుకున్నాడు.

వనజాక్షి వెనక్కి వచ్చింది. తన అరుగు కిటకిటలాడుతోంది. ఓబయ్యను పిలిచింది.

"కండువా తలకు చుట్టుకుని పోయి ఆయన పక్కన కూర్చో."

"నాకేం రోగమమ్మా?"

"కుడి మోకాలు. ఎడమది ఆయన తీసుకున్నాడు."