గుడ్ ఫ్రైడే గంజి

నా చిన్నప్పుడు, ఎనిమిదో ఏట, గుడ్ ఫ్రైడే నాడు పొద్దున లేచింది మొదలు మధ్యాహ్నం మూడు దాకా గుక్కెడు నీళ్లయినా ముట్టకుండా ఉపవాసం ఉన్నాను. మైపాడు చుట్టుపక్కల అంత నిష్ఠ ఏ పిల్లాడికీ లేదు. ఈ మాట ఏటా మనవళ్లకు చెబుతుంటాను. మొన్న మనవడు ఫోనులో దేశమంతా ఆ రోజును ఎలా పాటిస్తారో చూపించాడు. కేరళలో చేదురసం తాగుతారట. గోవాలో గంట కొట్టకుండా చెక్క గిలక్కాయ తిప్పుతారట. మా ఊళ్లో గంజి పోస్తాం అన్నాను. "అందరూ చర్చిలో ఉంటే గంజి ఎవరు కాస్తారు తాతా?" అన్నాడు. దొరికిపోయాను. ఇక నిజం చెప్పక తప్పదు.

మా ఊళ్లో క్రైస్తవుల ఇళ్లు పదో పన్నెండో. ఆ మధ్యాహ్నం మూడు గంటలపాటు అందరం యేసు సిలువపై పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు వింటూ కూర్చునేవాళ్లం. అందుకని చర్చి వెనక గంజి కాచేది మా పక్కింటి అక్క. వాళ్లు గంగమ్మను కొలిచే చేపల వేటవాళ్లు. ఉపవాసం విడిచేటప్పుడు తొలి గ్లాసు, పస్తున్న పిల్లల్లో చిన్నవాడికి పాస్టరు అయ్యగారే అందించేవారు. నా భక్తంతా ఆ గ్లాసు మీదే. ఊరంతా చూడాలి కదా!

మూడో మాట దగ్గరే కళ్లు తిరిగాయి. ఒంటేలు వంకతో వెనక్కి పోయాను. అక్క నా మొహం చూసింది. "ఉప్పు చాలిందో లేదో చూడు అబ్బయ్యా" అని కొబ్బరిచిప్పలో గంజి పోసింది. మూడు చిప్పలు చూశాను.

ప్రార్థన ముగిసి నన్ను పిలిచారు. అయ్యగారి చేతిలో గ్లాసు, చుట్టూ ఊరు. పుచ్చుకుంటే అబద్ధం, వద్దంటే పరువుతక్కువ. చివరికి ధైర్యం చేసి, తాగేశానని నలుగురిలో ఒప్పుకున్నాను. అక్క గరిటెతోనే పరుగెత్తుకొచ్చి తప్పు తన మీద వేసుకుంది. అయ్యగారు నవ్వేసి, పిల్లల్ని పస్తుండమని ఎవరన్నారని మా పెద్దవాళ్లనే మందలించారు. గుండె మీది బరువంతా దిగిపోయింది.

ఇప్పటికీ ఆ రోజు చర్చికి బయల్దేరే ముందు, పిల్లలు తిన్నారా అని అడుగుతాను. ఎవరు ఉపవాసమో మాత్రం అడగను.

ఇదంతా రాసి అక్కకు చదివి వినిపించాను. ఎనభై దాటినా పక్కింట్లోనే ఉంది.

"ఒప్పుకున్నావా? నువ్వా?" అంది. "ఆ గ్లాసు గూడా గటగటా తాగేసినావు గదరా! నువ్వు నోరు తెరిచింది అయ్యగారి తెల్లపంచె మీద కక్కేదానికి."