ఎర్ర బటన్, నా సంచి, సునీత

పుణె నుంచి వీడియో కాల్‌లో మా అక్షర అడిగింది కదా, "అమ్మమ్మా, గోడకి అంత మంచి కొక్కెం పెట్టుకుని సంచి నేల మీద పెడతావేంటి?" అని. చెబుతాను తల్లీ. ఒక సంచి వల్ల మాదాపూర్‌లో పన్నెండంతస్తుల ఆఫీసును ఆవిరి మీద ఇడ్లీలా ఉడికించాను. తమ్ముణ్ణి కూడా పిలువు, వింటాడు.

అప్పుడు నేను పెద్ద పెద్ద మెషీన్లు బాగుచేసే సర్వీస్ ఇంజనీర్ని. కంపెనీలో కొత్తగా చేరిన సునీతకి పని నేర్పింది నేనే. నేర్పి తప్పు చేశాను. ఏడాది తిరక్కుండానే కొత్తగూడ నుంచి నల్లగండ్ల దాకా ఏ బిల్డింగ్‌కి వెళ్లినా, "సునీత మేడమ్ రాలేదాండీ?" అనడమే. నా కడుపులో మంటకి కుక్కర్ పెడితే మూడు కూతలు వచ్చేవి.

ఆ రోజు ఆ ఆఫీసు మేడ మీది చిల్లర్‌కి సర్వీసింగ్. చిల్లర్ అంటే ఆఫీసంతటికీ చల్లగాలి వెళ్లేలా నీళ్లు చల్లబరిచే లారీ అంత మెషీన్. అక్కడి సూపర్‌వైజర్ యాదగిరి మెల్లగా చెవిన వేశాడు.

"మేడమ్, ఇయ్యాల మంచిగ చేస్తే ఈ బిల్డింగ్ మీకే ఉంటది. లేకుంటే సునీత మేడమ్‌నే పంపుమంటడంట మా సారు."

"సునీత ఎందుకండీ? నేను లేనూ?" అంటూ చేతిలో సంచిని మెషీన్ ప్యానెల్‌కి విసురుగా తగిలించాను. అందులో పానాలు, గోంగూర డబ్బా, మజ్జిగ సీసా. చిన్న పిల్లాడంత బరువు.

అప్పటికే ఆపి ఉంచిన మెషీన్ని శుభ్రం చేసి, స్టార్ట్ నొక్కాను. ఉలకదు, పలకదు. ఫ్యూజులు మార్చాను. వైర్లన్నీ విప్పి బిగించాను. మళ్లీ విప్పి, మళ్లీ బిగించాను. కింద జనం మెడలోని ఐడీ కార్డులతో విసురుకుంటున్నారట.

"మేడమ్, పరేషాన్ అయితున్నరు. సునీత మేడమ్‌కు ఫోన్ కొట్టాల్నా?"

"వద్దండీ!" అన్నాను. అప్పటికే కొట్టేశాడు.

అరగంటలో వచ్చింది మహాతల్లి. ఎండలో బండి మీద వచ్చినా జడలో ఒక్క వెంట్రుక చెదరలేదు. దానికీ కుళ్లుకున్నాను.

"అక్కా, ఎర్ర బటన్ చూసినవా?" అంది నెమ్మదిగా. ప్రమాదం వస్తే మెషీన్ని టక్కున ఆపే బటన్ అది. ఒకసారి నొక్కితే, మళ్లీ తిప్పి వదిలేదాకా మెషీన్ కదలదు.

"మొదటి రోజు పాఠం నాకే చెబుతున్నావా?"

"నువ్వే నేర్పినవ్ గదక్కా, అన్నిటికంటే ముందు అదే చూడాలని." ప్యానెల్ వైపు చూసి ఆగింది. "గీ సంచి ఎవరిది?"

"నాదే. జాగ్రత్త, మజ్జిగ ఒలుకుతుంది."

సంచి తీసింది. దాని వెనక పుట్టగొడుగంత ఎర్ర బటన్, లోపలికి నొక్కుకుని ఉంది! కొక్కెం అనుకుని నేను సంచి తగిలించింది దానికే. సునీత బటన్ తిప్పి స్టార్ట్ నొక్కింది. చిల్లర్ గుర్రుమంది.

యాదగిరి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైండె మేడమ్?"

"అక్కనే అంతా చేసింది. నేను ఊకె స్టార్ట్ నొక్కిన," అంది సునీత.

బిల్డింగ్ నాకే దక్కింది. అంత మంచితనం కూడా ఆమెకే ఎందుకుండాలని వారం రోజులు ఉడుక్కున్నాను.

అందుకే పిల్లలూ, దేవుని సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో గోడకి, మేకుకి, మెషీన్‌కి, దేనికీ సంచి తగిలించను.

అంతా బాగానే ఉంది కానీ, ఆ రోజు సర్వీస్ రిపోర్టు రాసింది సునీతే. అందులో ఒక్క ముక్క రాసింది: "అడ్డు తొలగించాను. మెషీన్ నడుస్తోంది."

ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది. ప్రతిసారీ అడుగుతాను. ప్రతిసారీ నవ్వి, "కేక్ తిన్నవా అక్కా?" అంటుంది.

ఇంతకీ అడ్డు అని రాసింది సంచినా, నన్నా?