నైరుతి గదికి కిటికీ

నా భార్య వైశాఖం మొదట్లో ఒక మంగళవారం పొద్దున చనిపోయింది. టేకులపల్లి దగ్గర మా ఇంట్లో, నైరుతి మూల గదిలో. ఖమ్మం దవాఖానాలో ఇక ఇంటికి తీసుకుపొమ్మని చెప్పి అప్పటికి ఐదు వారాలైంది.

పరామర్శకు వచ్చినవాళ్లు వాకిట్లో తడి గోనెపట్టాల కింద ఉన్నదేమిటని అడిగారు. కిటికీ మీద అడ్డంగా వేసే కాంక్రీటు దిమ్మె, లింటెల్ అన్నాను. ఇల్లు కట్టి ఇరవై ఏళ్లయింది, ఇప్పుడు లింటెల్ ఏమిటని అడగబోయి ఆగిపోయారు. అందరికీ విడివిడిగా చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఆమె అంగన్‌వాడీ టీచరు. చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో టీచరమ్మ అంటే ఆమే. నేను సివిల్ డిప్లొమా చదివి పాల్వంచలో కాలనీ క్వార్టర్ల పనులు చూసేవాణ్ణి. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు. అందుకని మా సొంత ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి దగ్గర నిలబడింది ఆమే.

పునాది భూమిలో పూడిపోయాక పైన లేచేదంతా ఆమె తన ఒంటితో కొలుచుకుంది. బేస్‌మెంట్ మోకాళ్ల దాకా. కిటికీ అడుగు మట్టం నడుం దాకా. లింటెల్ చెయ్యెత్తితే వేళ్లకు తగిలేంత. ఆ పైన స్లాబు. నేను టేపు పెట్టి చూస్తే రెండు మూడు అంగుళాలే తేడా వచ్చింది. ఆ కొలతలనే తర్వాత అంగన్‌వాడీ పిల్లలకు ఆటగా నేర్పింది. "బేస్‌మెంటు!" అంటే మోకాళ్లు పట్టుకోవాలి. "కిటికీ!" అంటే నడుం. "లింటెలు!" అంటే చేతులు పైకి. "స్లాబు!" అంటే రెండు చేతులూ నెత్తి మీద కప్పుకోవాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ, "ఇదేం పాఠం టీచరూ, పుస్తకంలో లేదే" అందట.

"మా ఆయన సదువుకున్న సదువమ్మా. ఆయనకైతే ఒంటికి పట్టలే. పోరగాళ్లకన్నా పట్టనీ అని."

ఆ ఎత్తిపొడుపుకు కారణం ఉంది. నైరుతి గది పడమటి గోడ అవతల ఊళ్లోకి వచ్చే దారి. ఆ గోడకు కిటికీ కావాలని ఆమె మొదట్లోనే అడిగింది. నా ప్లానులో గీశాను కూడా. గోడలు నడుం దాకా లేచిన రోజు మా అన్నయ్య చూడటానికి వచ్చాడు. "నైరుతి మూసుకొని బరువుగ ఉండాలె. ఆడ బొక్క పెడితే ఇంటికి మంచిది గాదు" అన్నాడు. చదువుకున్నవాణ్ణి, కాదనవచ్చు. అన్నయ్యతో మాట పెంచుకోవడం ఇష్టం లేక కిటికీ మానేయించాను. పైన గాలికి జానెడు వెంటిలేటర్ మిగిలింది.

"తర్వాత చూద్దాంలే" అన్నాను ఆమెతో.

"తర్వాతంటే ఎప్పుడండీ? గోడేమన్న చీరకొంగా, కావాల్నంటే పక్కకు జరుపుకోటానికి?"

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆమె ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

స్లాబు పోసిన పదో రోజునే మేస్త్రి కింది సెంట్రింగ్ విప్పుతానని వచ్చాడు. ఆ చెక్కలు వేరే ఇంటికి కావాలట. ఆమె గడపలో అడ్డంగా నిలబడింది.

"మేస్త్రీ, మీ ఇంట్ల బాలింతను పదో రోజు బాయికాడికి నీళ్లకు పంపుతవా?"

"అట్లెట్ల పంపుత టీచరమ్మా!"

"ఇదీ గంతే. ఇరవై ఒక్క రోజు దాక కింద కర్ర తియ్యొద్దు. పో."

మేస్త్రి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. స్లాబు మీద కట్టిన మట్టి మడుల్లో ఆమె రెండు పూటలా నీళ్లు నింపింది. మా పుస్తకాల్లోనూ దాదాపు అంతే రాసి ఉంటుంది. కానీ పుస్తకం చూపించి నేను ఏ మేస్త్రినీ వెనక్కి పంపలేకపోయాను.

దవాఖానా నుంచి తెచ్చాక మంచం ఆ గదిలోనే వేశాం. బాత్‌రూముకు అదే దగ్గర. దారిలో మాటలు వినిపించేవి. మనుషులు కనిపించేవాళ్లు కాదు.

"ఎవరో పోతున్నరు, చూడండి."

నేను వాకిట్లోకి వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. "ఎవరో ఆడమనిషి."

"ఎవరో అంటే? కడుపుతోటి ఉందా? సంకల పిల్ల ఉందా?"

"చూడలేదు."

"ఇంజనీరుగారికి గోడలు తప్ప మనుషులు కనపడరు" అని నవ్వేది. నవ్వితే దగ్గు వచ్చేది.

ఒక మధ్యాహ్నం నవ్వలేదు. "ఆ కిటికీ పెట్టించండి. అందర్నీ ఒక్కసారి చూస్త" అంది.

అదే రోజు మేస్త్రిని పిలిపించాను. ఇల్లు కట్టిన మేస్త్రే, ముసలివాడయ్యాడు. ఆ గోడ మీద స్లాబు కూర్చుని ఉంది. నేరుగా కన్నం కొడితే పైబరువు కిందికి దిగుతుంది. ముందు పైన గాడి తీసి లింటెల్ పెట్టాలి. బరువును అది అందుకున్నాకే కింది ఇటుకలు తియ్యాలి. కడ్డీలు కట్టి, వాకిట్లో నేల మీదే నాలుగున్నర అడుగుల లింటెల్ పోసి గోనెపట్టాలు కప్పాం.

"పది రోజులు సాలు సారూ. గింత ముక్కకు ఇరవై రోజులెందుకు?" అన్నాడు మేస్త్రి.

చాలదని నాకు తెలుసు. "చాలు" అన్నాను.

లోపలి నుంచి ఆమె గొంతు వచ్చింది. "ఏంది పది? ఇరవై ఒకటి."

లోపలికి వెళ్లాను. "నీకోసమే కదా" అన్నాను.

"నాకోసమయితే ఒద్దే ఒద్దు. పచ్చి లింటెలు మీద స్లాబు బరువేస్తరా? నేను పోయినంక ఈ గదిల పండుకునేది మీరే."

పదో రోజు మేస్త్రికి కబురు పెట్టలేదు. ఎండలు మండుతున్నాయి. రోజుకు మూడుసార్లు నీళ్లు పోశాను. బిందె చప్పుడు విని, "గోనె అంచులు తడిసినయా?" అని అడిగేది. పదిహేడో రోజు పొద్దున అడగలేదు.

పదో రోజునే పెట్టించి ఉంటే ఆమెకు మూడు నాలుగు రోజులైనా ఆ దారి కనిపించేది. లింటెల్ బహుశా నిలబడేది కూడా. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

దహనం ముగించుకుని వచ్చి, స్నానం చేసి, లింటెల్‌కు నీళ్లు పోశాను. అన్నయ్య అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఇంకెవరికోసంరా తమ్ముడూ?"

"ఇంకా నాలుగు రోజులుంది" అన్నాను.

పెద్దకర్మ అయ్యాక మేస్త్రి పిలవకుండానే ఇద్దరు కూలీలతో వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"టీచరమ్మ చెప్పిన గడువు దాటి వారమయింది సారూ. పెడదమా, ఒద్దా?"

"పెట్టు."

స్లాబు కింద జామాయిల్ దుంగలు నిలిపి గోడకు గాడి తీశారు. లింటెల్ ఎత్తడానికి నలుగురు కావాలి. మేస్త్రికి చేతకాదు. కూలీలిద్దరూ, నేనూ. అన్నయ్య అరుగు మీది నుంచి లేచి కండువా నడుముకు బిగించాడు.

"మరి నైరుతి?" అన్నాను.

"ఎత్తరా ముందు" అన్నాడు.

నలుగురం కలిసి ఎత్తాం. లింటెల్ గాడిలో కూర్చున్నాక అన్నయ్య గోడకు ఆనుకుని, "మరదలు నన్నొక్కసారన్నా అడగలేదురా" అన్నాడు. ఆమె అడగాల్సింది ఆయన్ని కాదు. నన్ను అడిగింది.

మూడు రోజులు సిమెంటు పట్టనిచ్చి కింది ఇటుకలు ఒక్కొక్కటే తీశారు. స్లాబుకు ఒక్క గీటు పడలేదు. చౌకట్టు, ఊచలు ఇంకా రావాలి. ప్రస్తుతానికి అది గోడలో ఒక ఖాళీ చదరం.

ఆ సాయంత్రం మంచం మీద కూర్చున్నాను. పడమటి ఎండ నేరుగా లోపలికి వచ్చింది. ఆడవాళ్లు బీడీల తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని, ఆకు కొనే కల్లానికి పోతున్నారు. వాళ్ల నీడలు మంచం మీదుగా, ఎదుటి గోడ మీదుగా వరసగా సాగిపోయాయి. ఒక నీడ ఆగింది. కట్టను ఒక చేత్తో పట్టుకుని కొత్త కిటికీ వైపు తిరిగింది. మిగతావి దాటిపోయాయి. అది మాత్రం కదలకుండా చాలాసేపు గోడ మీదే ఉంది.